పొగ వద్దని ఎవరు చెప్పాలి?

మొఘలుల దర్బారుకు పొగాకు వెళ్లింది మన దక్కను వైపు నుంచే. 17వ శతాబ్దం మొదట్లో అక్బరు పనిమీద బీజాపూరు వచ్చిన అసద్ బేగ్, తిరిగి వెళ్తూ పొగాకునూ, దాన్ని తాగేందుకు నగిషీ చేసిన గొట్టాన్నీ ఆగ్రాకు పట్టుకుపోయాడు. చక్రవర్తి సరదాపడి దమ్ము లాగేసరికి హకీము అడ్డుపడ్డాడు. ఊరూపేరూ తెలియని ఆకు, మన గ్రంథాల్లో లేదు, వద్దన్నాడు. అసద్ బేగ్ ఊరుకోలేదు, వాదనకు దిగాడు. తాగనివ్వమనే పక్షం, వద్దనే పక్షం అప్పుడే తయారయ్యాయి. 1617లో జహంగీరు నిషేధం విధించాడు. జనం మాత్రం మానలేదు.

ఆ బీజాపూరు ఏలుబడిలోనే ఉండేది ఆదోని. ఆదోని పాలకుడు సిద్ది మసూద్ ఖాన్ రాఘవేంద్రస్వామికి మంచాల గ్రామం ఇచ్చాడని మఠ సంప్రదాయం చెబుతుంది. 1671లో స్వామి బృందావన ప్రవేశం చేసింది అక్కడే. ఆ మంచాలే ఇవాళ్టి మంత్రాలయం.

ఆ చుట్టుపక్కల మన ఊళ్లలో పొగకు చట్టం లేని కాలంలోనూ కట్టుబాటు ఉండేది. దానికీ ఆరోగ్యానికీ సంబంధం లేదు, అంతా పెద్దాచిన్నా లెక్క. తండ్రి ఎదురైతే కొడుకు బీడీని వీపు వెనక్కి దాచేవాడు. తండ్రి మాత్రం అరుగు మీద కాలు మీద కాలేసుకుని చుట్ట కాల్చేవాడు. మడి కట్టుకున్న చోట, గుడి గడపలో పొగ మాటే లేదు. అంతకుమించి ఎవరూ ఎవరినీ ఆపింది లేదు. గురజాడ గిరీశం నోట చుట్టను పొగిడిస్తే నవ్వుకున్నామే గానీ, పక్కవాడి ఊపిరి సంగతి ఎవరికీ తట్టలేదు.

అది తట్టింది రైలుపెట్టెలో. మద్రాసు నుంచి కడప, గుంతకల్లు, ఆదోని మీదుగా వచ్చిన పట్టాలు 1871లో రాయచూరు దగ్గర బొంబాయి పట్టాలతో కలిశాయి. ముక్కూమొహం తెలియని మనుషులు ఒకే పెట్టెలో గంటల తరబడి మోకాళ్లు తగిలించుకుని కూర్చోవలసి వచ్చింది. 1890 రైల్వే చట్టం 110వ సెక్షన్ ఏమనేదంటే, పొగతాగేందుకు ప్రత్యేకించిన పెట్టెలో తప్ప మరెక్కడైనా తోటి ప్రయాణికుల సమ్మతి లేకుండా తాగితే 20 రూపాయల దాకా జరిమానా. ఆ రోజుల్లో 20 రూపాయలంటే చిన్న మొత్తం కాదు. ఎంతవరకు వసూలు చేశారన్నది పక్కన పెడితే, ఆ చట్టం అడగవలసిన బాధ్యతను తాగేవాడి నెత్తిన పెట్టింది.

వందేళ్ల తర్వాత వచ్చిన 1989 రైల్వే చట్టంలో ఆ బరువు రెండోవైపుకు మారింది. 167వ సెక్షన్ ప్రకారం తోటి ప్రయాణికుడు అభ్యంతరం చెబితేనే తాగకూడదు, కాదంటే 100 రూపాయల దాకా జరిమానా. రైల్వేవారు కావాలనుకుంటే ఏ బండిలోనైనా పూర్తిగా నిషేధించే వీలు కూడా అందులో ఉంది. కానీ మామూలుగా నోరు తెరవాల్సింది ఇబ్బంది పడేవాడే. గుంతకల్లులో జనరల్ పెట్టె ఎక్కి మంత్రాలయం రోడ్డులో దిగే వాళ్లకు ఆ సెక్షన్ ఎలా పనిచేసేదో చెప్పనక్కర్లేదు. ఒడిలో బిడ్డతో ఉన్న తల్లి, “పెద్దాయనా, రవ్వంత ఆ బీడీ పారేయ్, బిడ్డకు దగ్గొస్తాంది” అంటుంది. “కిటికీ తీసే ఉండాది కదమ్మా, పొగ బయటికే పోతాంది” అని జవాబు. వయసులో పెద్దవాడు, పైగా మగవాడు. అంతకుమించి మాట పెంచే ఆడమనిషి ఎంతమంది? అభ్యంతరం చెప్పే హక్కు కాగితం మీద అందరిదీ, చెప్పగల ధైర్యం కొందరిదే.

ఇక పక్కవాడికి హాని జరుగుతుందా లేదా అన్న ప్రశ్న. 1981లో జపాన్ పరిశోధకుడు హిరయామా, పొగతాగని 91,540 మంది భార్యల లెక్కలు తీసి, భర్తలు తాగేవారైతే ఆ ఇల్లాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎక్కువని చూపించాడు. అంతవరకు సమస్య చిరాకు, మర్యాదల మధ్య ఉండేది. అప్పటినుంచి ప్రాణాల సంగతయింది. బ్రిటన్‌లో 1979లోనే పొగతాగేవారి హక్కుల కోసం ‘ఫారెస్ట్’ అనే సంస్థ పుట్టింది. ఇక్కడ మాత్రం బీడీ తాగే కూలీ నా హక్కు అంటూ కోర్టుకెక్కింది లేదు. అతని పేరు మీద మాట్లాడింది సిగరెట్ కంపెనీలు, హోటళ్లవారు, పొగాకు రైతు సంఘాలు. రైతు మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. 1976 నుంచి గుంటూరులో పొగాకు బోర్డు పెట్టి పంటను నడిపిస్తున్నది ప్రభుత్వమే. బీడీలు చుట్టే ఆడవాళ్ల కూలి సంగతీ నిజమే, వాళ్లకోసం 1966లోనే ప్రత్యేక చట్టం వచ్చింది. అయితే బీడీలు చుట్టే అమ్మకు కూలి గిట్టాలంటే ఎవరో బస్సులోనే తాగి తీరాలన్న వాదన మాత్రం నాకు ఎన్నడూ అర్థం కాలేదు.

కోర్టులకు మొదట కొత్త చట్టమే అవసరం లేకపోయింది. నలుగురి ఆరోగ్యానికి చేటయ్యేలా గాలిని చెడగొడితే నేరమని 1860 నాటి శిక్షాస్మృతి 278వ సెక్షన్‌లో అప్పటికే ఉంది. 1999 జులై 12న కేరళ హైకోర్టు దాన్ని బయటికి తీసి, బహిరంగంగా పొగతాగడం ఇతరుల జీవించే హక్కును హరించడమేనంది. 2001 నవంబర్ 2న మురళీ దేవరా కేసులో సుప్రీంకోర్టు ఆసుపత్రులు, బడులు, గ్రంథాలయాలు, కోర్టులు, ప్రభుత్వ కార్యాలయాలు, బస్సులు, రైళ్లలో నిషేధం విధించింది. మరుసటి ఏడు ఆంధ్రప్రదేశ్ సొంత చట్టం చేసుకుంది. 2003లో కేంద్ర చట్టం, 2004 మే 1 నుంచి అమలు, 2008 అక్టోబర్ 2 నుంచి గట్టి నిబంధనలు. ఆ నిబంధనలను ఆపమని కంపెనీలు, హోటళ్లు వెళ్తే సుప్రీంకోర్టు కాదు పొమ్మంది.

చట్టం ‘బహిరంగ ప్రదేశం’లో ఆరుబయలు చేరదంది. నిబంధనలు దాన్ని బిగించి రైల్వేస్టేషన్, బస్టాండు, స్టేడియం ‘వంటి ఇతర చోట్లు’ కూడా నిషేధం కిందికే వస్తాయన్నాయి. మంత్రాలయంలోని తుంగభద్ర స్నానఘట్టం పేరు అందులో లేదు. అయినా ఆరాధన రోజుల్లో వేలమంది ఒకరినొకరు ఒరుసుకుంటూ మునిగే మెట్లు ‘వంటి ఇతర చోట్ల’లోకి రాకపోతే ఆ మాటకు అర్థమేముంది?

అంత చేసిన చట్టం ఒక తలుపు తెరిచి ఉంచింది. 30 గదులున్న హోటల్, 30 మంది కూర్చునే రెస్టారెంట్, విమానాశ్రయం పొగతాగేవారికి విడిగా చోటు పెట్టుకోవచ్చు. బస్టాండు హమాలీకి అలాంటి చోటు ఎక్కడా లేదు. అతను పాన్ బంకు దగ్గరికి నడవాలి, అక్కడ కంబానికి వేలాడే కొబ్బరితాడు చివర రోజంతా రాజుకుంటుండే నిప్పుతో బీడీ అంటించుకోవాలి. తాగేవాడికి నిజంగా హక్కంటూ ఉంటే అది పక్కవాడి మీద ఊదే హక్కు కాదు, పక్కకు పోయి తాగే చోటు. దాన్ని డబ్బున్నవాడికిచ్చి లేనివాడికి జరిమానా వేయడం న్యాయం కాదు. ఇస్తే ఇద్దరికీ ఇవ్వాలి, లేదంటే హోటల్ గదులూ మూయాలి. మూయాలన్న సవరణ ముసాయిదా 2020లో వచ్చింది గానీ చట్టం కాలేదు.

ఇంటి గడప లోపలికి ఈ చట్టాలేవీ రావు. జాతీయ సర్వేల ప్రకారం ఇంట్లో ఇతరుల పొగ పీల్చే పెద్దలు 2009-10లో 52 శాతం, 2016-17లో 39 శాతం. తగ్గిన మాట నిజమే. మిగిలినవాళ్ల సంగతి ఇంకా 1989 రైలుపెట్టెలో ఉన్నట్టే.

మంత్రాలయం నుంచి వంతెన దాటితే రాయచూరు జిల్లా. కర్ణాటక 2025లో సవరణ తెచ్చి, బహిరంగంగా పొగతాగితే వేసే జరిమానాను 200 నుంచి 1000 రూపాయలకు పెంచింది. నదికి ఇవతలి ఒడ్డున కేంద్ర చట్టం 2003లో రాసిన 200 రూపాయలే.