లేహ్ విమానాశ్రయం: వాతావరణం, విమానయాన పరిస్థితులు

లడఖ్ కేంద్రపాలిత ప్రాంతంలో, సింధు నదీ లోయలో, సముద్రమట్టానికి 3,256 మీటర్ల ఎత్తున ఉన్న కుశోక్ బకుల రింపోచే విమానాశ్రయం, ప్రయాణికుల విమానాలు క్రమం తప్పక నడిచే భారతీయ విమానాశ్రయాలన్నిటిలోకీ ఎత్తైనది. భారత వైమానిక దళం అధీనంలోని ఈ క్షేత్రంలో కొంత భాగాన్ని పౌర విమానాలకు కేటాయించారు. మైదానాల్లోని విమానాశ్రయాలను పొగమంచు, తుపాను, కుండపోత వాన ఇబ్బంది పెడతాయి. ఏడాది పొడవునా కురిసే వానా మంచూ కలిపినా సుమారు 100 మిల్లీమీటర్లు దాటని లేహ్‌లో మాత్రం వేసవి విమానాలకు అడ్డుపడేది మబ్బులేని ఆకాశంలో కాసే ఎండ, ఆ ఎండ పుట్టించే గాలి.

ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడుతుంది. ప్రామాణిక వాతావరణ లెక్క ప్రకారం లేహ్ ఎత్తులో గాలి సాంద్రత సముద్రతీరంలో ఉండేదానిలో 72 శాతం మాత్రమే. రెక్కలు విమానాన్ని మోయాలంటే వాటి మీదుగా తగినంత గాలి పారాలి కనుక, గాలి పలచనైనచోట ఆ లోటును వేగంతో పూడ్చుకోవలసి వస్తుంది. 30 డిగ్రీల ఎండలో విశాఖపట్నంలో గంటకు 250 కిలోమీటర్ల వేగంతో నేలను తాకే విమానం, 10 డిగ్రీల చలి పూట లేహ్‌లో అదే బరువుతో దిగేటప్పుడు గంటకు సుమారు 295 కిలోమీటర్ల వేగంతో రన్‌వేను తాకుతుంది. బ్రేకులు హరించవలసిన శక్తి వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది కాబట్టి అది 40 శాతం దాకా ఎక్కువవుతుంది. ఎగిరేటప్పుడు కష్టం రెండింతలు, ఎందుకంటే కావలసిన వేగం పెరగడమే కాక ఆ వేగాన్ని అందించవలసిన ఇంజిన్ల తోపుడు బలం కూడా పలచని గాలిలో తగ్గిపోతుంది.

వేడి దీనిని మరింత తీవ్రం చేస్తుంది. ఇప్పుడున్న గాలి ప్రామాణిక వాతావరణంలో ఏ ఎత్తులోని గాలికి సమానమో చెప్పే కొలతను సాంద్రతా ఉన్నతి అంటారు. లేహ్ ఎత్తుకు ప్రామాణిక ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 6 డిగ్రీలు. ఎండ 25 డిగ్రీలకు చేరిన రోజున అక్కడి సాంద్రతా ఉన్నతి సుమారు 4,300 మీటర్లకు పెరుగుతుంది, అంటే విమానం తానున్న రన్‌వే మీద కాక అంతకంటే కిలోమీటరుకు పైగా ఎత్తైన చోట ఉన్నట్లు ప్రవర్తిస్తుంది. అప్పుడు ప్రయాణికులనో సరుకునో తగ్గించుకోవాలి, లేదా చల్లబడేదాకా ఆగాలి. 2024 జులై చివరి రోజుల్లో ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటడంతో లేహ్‌కు వెళ్లే పలు విమానాలు రద్దయ్యాయి. తెలుగు నేల మీద ఆ వేడి చల్లని రోజు కిందే లెక్క.

గాలి దిశ విషయంలో లేహ్ ఇచ్చే వెసులుబాటు అతి తక్కువ. సాధారణంగా విమానాలు ఎదురుగాలికి దిగి, ఎదురుగాలికే ఎగురుతాయి; గాలి మారితే రన్‌వే రెండో కొసను వాడతాయి. లేహ్‌లో తూర్పు వైపు నేల వేగంగా పర్వతాలలోకి లేస్తుంది కనుక విమానాలు పడమటి నుంచి, స్పితుక్ బౌద్ధారామం ఉన్న గుట్ట పక్కగా వచ్చి తూర్పుముఖంగా దిగుతాయి, పడమటి ముఖంగానే ఎగురుతాయి. రన్‌వే కూడా తూర్పుకు ఎత్తుగా ఉండడం వల్ల దిగేవాటికి వేగం తగ్గించుకోవడంలోనూ, ఎగిరేవాటికి వేగం పుంజుకోవడంలోనూ కొంత సాయపడుతుంది. పొద్దెక్కేకొద్దీ చెట్టూచేమా లేని కొండవాలులు వేడెక్కి, వాటిని ఆనుకున్న గాలి పైకి లేస్తుంది. ఆ ఖాళీలోకి లోయ దిగువ నుంచి, అంటే పడమటి దిక్కు నుంచి, గాలి దూసుకువస్తుంది. మధ్యాహ్నానికి బలపడే ఈ లోయ గాలి దిగే విమానానికి వెనుకగాలి అవుతుంది. ప్రయాణికుల జెట్ విమానాలకు అనుమతించే వెనుకగాలి సాధారణంగా 10 నాట్లు, అంటే గంటకు సుమారు 18 కిలోమీటర్లే. అసలే ఎక్కువైన వేగానికి అది కూడా కలిస్తే రన్‌వే చాలదు. లేహ్ విమానాల్లో అత్యధిక భాగం తెల్లవారుజామున ఢిల్లీ వంటి చోట్ల బయలుదేరి, మధ్యాహ్నంలోగా తిరిగి వెళ్లిపోయేలా సమయపట్టికలు ఉండడానికి కారణం ఇదే.

చలికాలంలో కథ మారుతుంది. మధ్యధరా ప్రాంతం నుంచి వచ్చే పశ్చిమ అలజడులు మబ్బును, మంచును తెస్తాయి; లోయలోకి దిగే పైలట్లు కొండలను కళ్లారా చూస్తూ దారి పట్టవలసి ఉంటుంది కనుక, మైదానంలో పెద్దగా లెక్కలోకి రాని మబ్బు కూడా ఇక్కడ విమానాన్ని వెనక్కి తిప్పగలదు. తీవ్రమైన చలి ఎత్తును చూపే ఆల్టిమీటర్‌ను కూడా తప్పుదారి పట్టిస్తుంది. చల్లగాలి దగ్గరగా కుదించుకుపోతుంది. ఉష్ణోగ్రత ప్రామాణిక స్థాయికి 10 డిగ్రీలు తగ్గినప్పుడు, విమానాశ్రయానికి 1,000 మీటర్ల పైన ఉన్నట్లు పరికరం చూపే విమానం నిజానికి దాదాపు 40 మీటర్లు కిందికి ఉంటుంది. శిఖరాలను దాటిన బలమైన గాలులు అలలుగా లేచి పడుతూ విమానాన్ని కుదిపివేస్తాయి. మసూరుపప్పు ఆకారంలో కదలకుండా నిలిచే మబ్బులు ఆ అలలకు ఆనవాలు.

ఈ లోయలో మొదటి విమానం 1948 మే 24న దిగింది. ఇంజినీరు సోనమ్ నోర్బు సిద్ధం చేయించిన నేల మీదికి ఎయిర్ కమోడోర్ మెహర్ సింగ్, మేజర్ జనరల్ తిమ్మయ్యను వెంటబెట్టుకొని, డకోటాను తీసుకువచ్చారు. ఆ విమానంలో గాలి పీడనాన్ని నిలిపే ఏర్పాటు లేదు. నేటి జెట్ విమానాల్లో ఆ ఏర్పాటు ఉన్నా, లేహ్‌లో అది తలకిందులుగా పనిచేస్తుంది: విమానం లోపలి పీడనాన్ని సాధారణంగా 2,400 మీటర్ల ఎత్తుకు తగినట్లుగా ఉంచుతారు కనుక, దిగే ముందు విమానం కిందికి వస్తుండగా లోపలి గాలి మాత్రం పలచబడుతుంది.

ఉదయం దాటితే ఆ రోజు రద్దయిన విమానం తిరిగి నడిచే అవకాశం చాలా తక్కువ. అందువల్ల లేహ్ నుంచి తిరిగి వచ్చేవారు అదే రోజు ఢిల్లీలో మరో ముఖ్యమైన విమానం పట్టుకునేలా టికెట్లు తీసుకోకుండా, నడుమ ఒక రోజు ఖాళీ ఉంచుకోవడం మంచిది.