ఎర్రగుంట్ల పేరయ్య: తోళ్ల బేరగాడి ఇంటి నుంచి ఒంగోలు సంఘం దాకా

ఎర్రగుంట్ల పేరయ్య 19వ శతాబ్దపు తోళ్ల వర్తకుడు, మాదిగ కుటుంబీకుడు. ఒంగోలుకు పడమరగా దాదాపు 40 మైళ్ల దూరంలో ఉన్న తాళ్లకొండపాడు ఆయన ఊరు. ఒంగోలు ప్రాంతంలో బాప్టిస్టు సంఘం ఎలా పుట్టిందో చెప్పేటప్పుడు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర పేరు ముందు వస్తుంది. అది న్యాయమే. కానీ దొర ఒంగోలులో కాపురం పెట్టక ముందే పేరయ్య బాప్తిస్మం పొంది, ఇంటివాళ్లకూ బంధువులకూ తన విశ్వాసం చెప్పడం మొదలుపెట్టాడు. పల్లెల్లోకి ఆ సంఘం నడిచిన తొలి దారి ఆయన చుట్టరికాల దారే.

ఆనాడు మాదిగల చేతిపని లేనిదే సేద్యం సాగేది కాదు. చచ్చిన గొడ్డును ఊరి బయటికి చేర్చి తోలు ఒలిచేవారు. సున్నంలో నానబెట్టి వెంట్రుకలు తీసి, లందలో తంగేడు చెక్క వేసి ఊనేవారు. ఆ తోలుతోనే కాపులకు చెప్పులు, మోటకు తొండం, ఎద్దులకు పట్టెడలు తయారయ్యేవి. ప్రతిఫలం కళ్లం దగ్గర కొలిచిపోసే గింజలు. జాతరలో డప్పు కొట్టడం, పెద్దలు పిలిచినప్పుడు వెట్టికి వెళ్లడం కూడా వాళ్ల వంతే. పేరయ్య పని దీనికి కాస్త భిన్నం. తోళ్ల బేరం మీద ఉత్తరాన ఏలూరు దాకా తిరిగేవాడు. ఊరు దాటి లోకం చూసే వీలు ఆ రోజుల్లో మాదిగల్లో కొద్దిమందికే ఉండేది.

ఆయనకు దేవుడి వెతుకులాట పాతదే. రాజయోగం బోధించే గురువు దగ్గర ఉపదేశం పొందాడు. గుడి గడప దాటనివ్వని కులాల వారికి యోగ గురువుల బోధ ఒక తెరిచిన తలుపు. పోతులూరి వీరబ్రహ్మం శిష్యుల్లో మాదిగ కక్కయ్య ఉన్నాడన్న కథ తెలుగునాట ఇప్పటికీ చెప్పుకుంటారు. విగ్రహం లేని దేవుడొకడున్నాడు, మనసు కుదిరితే ఆయన్ను తెలుసుకోవచ్చు అన్న నమ్మకం అలా పేరయ్యలో ముందే నాటుకుంది. కొత్త మతం ఆయనకు అంత తొందరగా దగ్గర కావడానికి ఇదే అసలు కారణం అనిపిస్తుంది.

ఏలూరులో చర్చి మిషనరీ సొసైటీ వారి కేంద్రం ఉండేది. బేరం మీద వెళ్లినప్పుడు పేరయ్య క్రీస్తు మాట విన్నది ఆ వైపునే. ఆయన సొంత సీమకు దగ్గరగా ఉన్నది మాత్రం నెల్లూరులోని అమెరికన్ బాప్టిస్టు మిషన్. శామ్యూల్ డే 1840లో అక్కడ స్థిరపడ్డాడు. తరువాత వచ్చిన లైమన్ జూయెట్ 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద కొద్దిమందితో ప్రార్థన చేశాడు. ఆ కొండకు ప్రార్థన కొండ అన్న పేరు అలా వచ్చింది. పేరయ్యకూ ఆయన భార్యకూ 1866లో బాప్తిస్మం ఇచ్చింది జూయెట్ గారే. అదే ఏడాది సెప్టెంబరులో జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలు చేరాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం 8 మంది సభ్యులతో ఏర్పడింది.

ఆ జనవరిలోనే క్లౌ తాళ్లకొండపాడు ప్రయాణమయ్యాడు. ఊరి దగ్గరి చింతతోపులో డేరా వేశాడు. పేరయ్య మాట విన్న చుట్టుపక్కల ఊళ్ల జనం ఆడా మగా కలిసి, తిండి మూటలూ పక్కబట్టలూ కట్టుకుని వచ్చారు. కొన్ని రోజుల బోధ తరువాత 28 మంది బాప్తిస్మం పొందారు. ఒంటరి మనుషులు కాదు, కుటుంబాలు కదిలాయి. భార్యాభర్తలు, అన్నదమ్ములు, వియ్యాలవారు ఒకరి వెంట ఒకరు వచ్చారు. తరువాతి పదేళ్లలో మాదిగపల్లెల్లో ఉద్యమం పాకింది కూడా ఇలాగే, పెళ్లి సంబంధాలు ఎటు ఉంటే అటు.

సంఘంలో చేరినవారికి మూడు కట్టుబాట్లు ఉండేవి. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవే. అయితే ఒక్కొక్కటీ ఊరి కట్టడిని తాకింది. ఆదివారం ప్రార్థనకు కూర్చున్నవాడు ఆ రోజు వెట్టికి రాడు. విగ్రహానికి మొక్కనివాడు జాతరలో డప్పు కొట్టడు. కరణాలకూ మునసబులకూ ఇది తిరుగుబాటుగానే కనిపించింది. కొన్నిచోట్ల బావి నీళ్లు ఆపారు, అంగట్లో సరుకు అమ్మలేదు, చాకలి మంగలి పనులు మాన్పించారు. గింజల మీద బతికే ఇంటికి ఆదివారం ప్రార్థనకు వెళ్లడమంటే ఎంత ధైర్యమో దీన్నిబట్టి తెలుస్తుంది. పిల్లల ఆకలి ఎదురుగా పెట్టుకుని ఆ నియమాన్ని నిలుపుకున్న తల్లిదండ్రులే ఈ చరిత్రలో గౌరవించదగినవారు.

బోధకుల పోషణలోనూ పాత అలవాటే కొనసాగింది. గురువు వస్తే శిష్యులు అన్నం పెట్టి సంభావన ఇవ్వడం మాదిగల్లో ముందునుంచీ ఉంది. క్లౌ ఆ ఆచారాన్ని తుడిచేయలేదు. బోధకుల జీవనంలో కొంత భారం పల్లెలే మోసేలా చూశాడు.

1876–78 నాటి ధాత కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకుని ఆకలిగొన్నవారికి పని చూపాడు. పనివాళ్ల మీద అజమాయిషీ బోధకులదే. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ కాలంలో బాప్తిస్మాలు నిలిపివేశారు. కరువు తగ్గాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్లలో నిలబడి వారికి బాప్తిస్మం ఇచ్చినది ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున నదిలోకి దిగారు, అలిసినవారి స్థానంలో మరో ఇద్దరు వచ్చారు.

పేరయ్య కథ అక్షరాల్లోకి ఎక్కింది 1899లో. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ మాదిగ పెద్దల నోట విన్న సంగతులను కూర్చి ‘వైల్ సోయింగ్ శాండల్స్’ అనే ఇంగ్లీషు పుస్తకం ప్రచురించింది. మాదిగల కుల దేవతలు, గురువులు, తోలు పని, రాజయోగం, తొలి క్రైస్తవ కుటుంబాల అనుభవాలు అందులో ఉన్నాయి. పేరయ్య గురించి తరువాత రాసినవారు ఎక్కువగా ఆధారపడింది ఆ పుస్తకం మీదా, క్లౌ ఆత్మకథ మీదా.