పత్రికలు – పక్షపాతము

కోనసీమలోని ముక్తేశ్వరమున జనించిన జయంతి రామయ్యపంతులుగారు 1911లో ఆంధ్రసాహిత్యపరిషత్తు స్థాపనకు మూలపురుషులై గ్రాంథికభాషను సమర్థించిరి. పరిషత్పత్రిక ఆ పక్షమునకు నిలయమయ్యెను. గిడుగు రామమూర్తిపంతులుగారు 1919లో ‘తెలుగు’ పత్రికను నెలకొల్పి వ్యావహారికభాషకై పోరాడిరి. రెండు పత్రికలకును పక్షము కలదు. కాని యది చదువరు లెఱిఁగినదే. దాఁచిన పక్షమే హానికరము.

1998లో లండనునందలి ‘లాన్సెట్’ వైద్యపత్రిక, తట్టు మొదలగు మూఁడు రోగములకు వేయు టీకాకును ఆటిజమునకును సంబంధ ముండవచ్చునను వ్యాసమును ప్రకటించెను. టీకా కంపెనీలపై వ్యాజ్యమునకుఁ బూనిన న్యాయవాదుల ద్రవ్యము ప్రధానరచయితకు ముట్టినదను సంగతి 2004లోఁ గాని బయటఁబడలేదు. పత్రిక 2010లో వ్యాసము నుపసంహరించెను. ఈలోపల నెందఱో తల్లులు టీకాకు వెఱచిరి.

కావున రచయిత తనకుఁ గల లాభమును ముందే తెలుపవలెను. సంపాదకుఁడు తన ప్రతిపక్షి వ్యాసమును పరీక్షించుపనిని అన్యున కప్పగింపవలెను. తగవులో నున్నవాఁడు తీర్పరి కారాదు.