గిలకొట్టనక్కర్లేని కేకు

అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో బార్బెక్యూ బాగా పాతది. అలెగ్జాండ్రియాలో బార్బెక్యూకి వెళ్లానని జార్జ్ వాషింగ్టన్ 1769లోనే డైరీలో రాసుకున్నాడు. పందిని నిప్పుల గుంట మీద రాత్రంతా కాల్చి ఊరందరికీ వడ్డించే ఆ విందుల్లో, గుంట దగ్గర చెమటోడ్చింది ఎక్కువగా బానిసలైన నల్లవాళ్లే. ఆ మాంసం తిన్నాక తీసుకునే హమ్మింగ్‌బర్డ్ కేకు మాత్రం నిన్నమొన్నటిది. అరటిపండు, అనాస, పెకాన్ పప్పు, దాల్చినచెక్క వేసి, మూడు అరలుగా పేర్చి, క్రీమ్ చీజ్ పూసిన ఈ కేకును చర్చి విందుల్లో, బంధువుల కలయికల్లో ముత్తవ్వల నాటిదన్నట్టే వడ్డిస్తారు. దానికి పేరు తెచ్చిపెట్టింది బర్మింగ్‌హామ్ నుంచి వచ్చే సదరన్ లివింగ్ పత్రిక. నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరో నుంచి ఒక పాఠకురాలు పంపిన తయారీ విధానాన్ని 1978 ఫిబ్రవరిలో అచ్చేసింది. అంతమాత్రాన ఇది దొంగ సంప్రదాయమని కొట్టిపారేయడం తొందరపాటు. దక్షిణాది వంటింట్లో చాకిరీ ఎలా మారిందో ఈ కేకు కలిపే పద్ధతే చెబుతుంది.

ముందు పుట్టుక సంగతి. ఇది జమైకా నుంచి వచ్చింది. అక్కడి జాతీయ పక్షి ఒక రకం హమ్మింగ్‌బర్డ్, స్థానికులు దాన్ని డాక్టర్ బర్డ్ అంటారు. 1960ల చివర్లో అమెరికా పర్యాటకుల్ని ఆకర్షించడానికి జమైకా పర్యాటక శాఖ పత్రికలకు పంపిన వంటల్లో ఆ పేరుతో ఒక అరటిపండు కేకు ఉంది. అంటే ప్రచారం కోసం వచ్చిన వంటకం, దీన్ని దక్షిణాది సొంతమనడమేంటి అని అడగొచ్చు. కానీ ఆ కేకులో చేరిన పెకాన్ సంగతి చూడండి. లూసియానాలోని ఓక్ ఆలీ తోటలో 1840లలో అంత్వాన్ అనే బానిస తోటమాలి మేలైన పెకాన్‌ను అంటుకట్టి పెంచాడు. 1876 ఫిలడెల్ఫియా ప్రదర్శనలో ఆ రకానికి బహుమతీ వచ్చింది, సెంటెనియల్ అనే పేరూ వచ్చింది. క్రీమ్ చీజ్ న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టింది, అరటిపండు ఓడల్లో దిగింది. సరుకు ఎక్కడిదో ఆరా తీసి సొంతదనం తేల్చేటట్టయితే, అమెరికా ఖండం నుంచి వచ్చిన మిరపకాయతో కలిపే ఆవకాయను మనమూ వదులుకోవాల్సిందే.

అసలు సంగతి పిండి కలిపే తీరులో ఉంది. దక్షిణాది గొప్పగా చెప్పుకునే పాత కేకుల్లో లేన్ కేకు ఒకటి. అలబామాలోని క్లేటన్‌కు చెందిన ఎమ్మా రైలాండర్ లేన్ దాన్ని 1898లో తన వంటల పుస్తకంలో అచ్చేసింది. దానికి ఎనిమిది గుడ్ల తెల్లసొన విడిగా తీసి నురగ గట్టిపడేదాకా గిలకొట్టాలి, వెన్న, పంచదార తెల్లబడేదాకా రుద్దాలి. పచ్చసొనతో సన్నసెగ మీద విస్కీ కలిపిన పూర్ణం చిక్కబరచాలి. ఇంత పనికీ పుస్తకం మీద ఇంటావిడ పేరే ఉంటుంది. కలిగినవాళ్ల ఇళ్లలో మాత్రం గిలకొట్టిన చేతులు చాలావరకు నల్లజాతి వంటమనుషులవి. 1960లో కూడా అమెరికాలో ఉద్యోగాలు చేసే నల్లజాతి స్త్రీలలో మూడోవంతుకు పైగా ఇతరుల ఇళ్లలో పనిచేసేవాళ్లే. తర్వాతి ఇరవై ఏళ్లలో వేరే ఉద్యోగాల దారులు తెరుచుకుని ఆ సంఖ్య బాగా పడిపోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే హమ్మింగ్‌బర్డ్ కేకు వచ్చింది. మూడు కప్పుల మైదా, రెండు కప్పుల పంచదార, కప్పున్నర నూనె, మూడు గుడ్లు, డబ్బా అనాస రసంతో సహా. పిండి తడిస్తే చాలు, గిలకొట్టొద్దని అచ్చయిన విధానమే హెచ్చరిస్తుంది. వెన్న రుద్దే పని లేదు, సొనలు విడదీసే పని లేదు. వంటసోడా అనాస పులుపుతో కలిసి పొంగించేస్తుంది. గరిటె ఒకటుంటే చాలు.

మిక్సర్లు 1930ల నుంచే ఇళ్లలో ఉన్నాయి కదా, చేతుల గొడవ ఇంకెక్కడిది అనే ప్రశ్న న్యాయమైనదే. మిక్సర్ నురగ తీస్తుంది గానీ పూర్ణం కాచదు, పొయ్యి దగ్గర నిలబడదు. నూనె కేకులు, క్యారెట్ కేకుతో సహా, దేశమంతటా అప్పుడే పాకాయి కాబట్టి ఇందులో దక్షిణాది ప్రత్యేకత ఏముందనేది ఇంకా గట్టి అభ్యంతరం. ప్రత్యేకత పైరూపంలో ఉందని నా అభిప్రాయం. లోపల ఎంత తేలిక చేసుకున్నా, పత్రికలో అచ్చయిన కేకు మూడు అరలతోనే నిలబడింది. చుట్టాలొస్తే పెట్టే కేకు ఎత్తుగా, తెల్లగా ఉండాలన్న పాత లెక్కను దక్షిణాదివాళ్లు వదల్లేదు. చాకిరీ పోయింది, దర్జా మిగిలింది. ఆ కేకు అచ్చయిన ఏడాదే, 1978లో, కెంటకీ రాష్ట్ర జాతరలో పోటీకెక్కి మెప్పు పొందడంలో వింతేమీ లేదు.

బార్బెక్యూ బల్ల దగ్గరికి వచ్చేసరికి ఆ దర్జా కూడా సడలుతోంది. పండు చెమ్మ వల్ల ఈ కేకు మర్నాటికీ ఎండదు, కాబట్టి మాంసం గుంట ఎక్కకముందే కాల్చి పెట్టుకోవచ్చు. కాకపోతే ఎండకు క్రీమ్ చీజ్ జారుతుంది, కారులో మూడు అరలు ఒరుగుతాయి. అందుకే చాలామంది అరలు మానేసి, పిండంతా ఒకే పళ్లెంలో పోసి కాల్చి, పైన మాత్రం క్రీమ్ పూసి, మూతపెట్టి ఐస్‌పెట్టెలో తెస్తారు. ఈస్టరుకు, పుట్టినరోజుకు అదే ఇంట్లో మళ్లీ మూడు అరలే పేరుస్తారు.