సాగర్ కింద మన ఊళ్ళు

ఇటు జరగండ్రా, పొగ మీ కళ్ళలోకే కొడుతోంది. ఆ పత్తికట్టె ఇంకో రెండు లోపలికి నెట్టండి. డ్యాములకు ప్రమాదశ్రేణి కడతారంట, మన నాగార్జునసాగర్ పాతబడింది గదా, కూలిపోద్దా తాతా అని చిన్నోడు పొద్దుటినుంచీ అడుగుతున్నాడు. చెప్తాను వినండి.

సాగర్ రాకముందు పల్నాడులో జొన్న, సజ్జ, వరిగ. వాన మొహం చాటేస్తే వలసే. ముక్త్యాల రాజాగారు ఈ ప్రాజెక్టు కోసం సొంత డబ్బు పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగారు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారొచ్చి శంకుస్థాపన చేశారు. పునాది నుంచి 124 మీటర్లు, నడిమి గట్టంతా రాతికట్టడం. మా అమ్మ ఆ పనికి పోయింది. నెత్తిన చుట్టకుదురు, దానిమీద రాయి, కాలికింద ఊగే పరంజా. చుట్టకుదురు పెట్టిన చోట నడినెత్తిన జుట్టు ఊడిపోయింది, మళ్ళీ మొలవలేదు. రాత్రిళ్ళు మెడ తిప్పాలంటే భుజాలతో సహా తిరిగేది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలవలకు నీళ్ళొదిలారు. ఆ తర్వాతే కుడికాలవ కింద మనకీ, అటు ప్రకాశం దాకా పత్తీ మిర్చీ పండింది. కరెంటు సరేసరి.

ఇక నీ ప్రశ్న. శ్రేణి కట్టేది గట్టు బలహీనమని కాదురా. అది తెగితే కింద ఎన్ని ప్రాణాలు, ఎన్ని ఊళ్ళు పోతాయో చూసి కడతారు. ఇంటి దూలం గట్టిదే, అయినా దానికి పసిబిడ్డ ఉయ్యాల కట్టామంటే ఏటేటా తట్టి చూసుకుంటాం గదా, అట్లా. సాగర్ కింద పులిచింతల, అమరావతి, బెజవాడ, ఆ కింద లంకలు. అరవై ఏళ్ళలో అక్కడ జనం ఎంత పెరిగారు! గట్టు అదే, ముప్పు మాత్రం పెరిగింది.

2009 అక్టోబరు గుర్తుందా? మీరు పుట్టనే లేదులే. సాగర్‌కి పైనున్న శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులొచ్చింది. 885 అడుగుల నిండు మట్టం దాటి 896కి ఎక్కింది. శ్రీశైలం, సాగర్ రెండూ కడుపులో దాచుకోబట్టి బెజవాడ బ్యారేజీకి 11 లక్షలే చేరింది. ఆ 11 లక్షలకే కొల్లూరు లంకల్లో మీ అత్త పిల్లల్ని చంకనేసుకుని కరకట్ట ఎక్కింది.

కొత్త డ్యామైతే నిశ్చింత అనుకోకండి. పులిచింతల కట్టి పదేళ్ళన్నా కాకముందే, 2021 ఆగస్టులో 16వ గేటు కొట్టుకుపోయింది. మరుసటేడు గుండ్లకమ్మ గేటు. వయసు ఒక్కటే కాదు, గ్రీజు, గొలుసు, తుప్పు, చూసే మనిషి, అన్నీ లెక్కే. 2021లో వచ్చిన డ్యామ్ భద్రత చట్టం వానాకాలం ముందొకసారి, అయ్యాక ఒకసారి తనిఖీ చెయ్యాలంటోంది. గట్టుకి ఏదన్నా అయితే జనాన్ని ఎట్లా కాపాడాలో ముందే రాసిపెట్టుకోవాలంటోంది. ఆ రాత ఆఫీసు బీరువాలో ఉంటే మీ అత్తకేం లాభం?

రేపు అత్తకి ఫోన్ చెయ్యండి. గ్రామసభలో నిలబడి మూడు ముక్కలు అడగమనండి: నీళ్ళు ఎన్ని గంటల్లో వస్తాయి, ఏ మిట్టకి పోవాలి, అర్ధరాత్రి మమ్మల్ని లేపేదెవరు. జవాబొచ్చేదాకా కూర్చోవద్దనండి.