నైలు తీరమున నూతనవిద్య

ఈజిప్టు దేశపు నవీనచరిత్రను వ్రాయువారు సాధారణముగా నెపోలియను దండయాత్రతో నారంభింతురు. 1798లో వచ్చిన ఫ్రెంచిసేన 1801లో మరలిపోయినది. ఆ మూడేండ్లలో దేశము మేలుకొన్నదని వారి వాదము. దీనిని నేను పూర్తిగా నంగీకరింపజాలను. ఫిరంగిమ్రోతకు నిద్ర చెదరవచ్చును గాని చదువు రాదు. అది వచ్చిన త్రోవ వేఱు.

1805లో ఆ దేశమునకు పాషాయైన మహమ్మదాలీ నడివయస్సు వచ్చువఱకు అక్షరములెఱుగనివాడని ప్రతీతి. ఆయనకు గావలసినది ఐరోపా పద్ధతిని నడచు సేన. సేనకు వైద్యులు, తుపాకిమందు, దేశపటములు వలయును. విదేశీయులను జీతమిచ్చి రప్పించుట యొక మార్గము. తనవారిని విదేశములకు బంపుట రెండవది. పాషా రెంటిని నవలంబించెను. 1815లోనే నికోలా మసాబ్కీ యనువానిని అచ్చుపని నేర్చుటకై మిలాను నగరమునకు బంపెను. అతని విద్య ఫలించి, కైరో చెంతనున్న బూలాఖున ప్రభుత్వ ముద్రణాలయము వెలసినది. 1822లో అందుండి వెలువడిన తొలిగ్రంథము ఇటాలియను అరబ్బీ నిఘంటువు. పనిముట్టు లేనిదే పని సాగదని వారెఱుగుదురు కాబోలు!

1826లో 44 మంది పారిసునకు బయలుదేరిరి. వారిలో పెక్కురు తురుష్కభాష మాటలాడు కుటుంబములవారు. అరబ్బీ మాతృభాషగా గలవారు కొలదిమంది. ఈ విద్యార్థులకు ప్రార్థనలు చేయించుటకై రిఫాఆ అల్ తహ్తావీ యను యువకుడు వెంట వెళ్లెను. ఇరువదియైదేండ్లవాడు, అల్ అజహరు మహావిద్యాలయమున శాస్త్రములు చదివినవాడు. అతనిని సిఫారసు చేసిన గురువు హసన్ అల్ అత్తార్. పురోహితుడుగా వెళ్లిన యీతడే ఆ మూకలోనెల్ల గొప్ప విద్యార్థియయ్యెను. ఫ్రెంచి నేర్చెను, పత్రికలు చదివెను, 1830 నాటి విప్లవమును కన్నులార గాంచెను. ఫ్రెంచి రాజ్యాంగశాసనమును అరబ్బీలోనికి మార్చెను. మెచ్చదగినదానిని మెచ్చెను, తన మతమునకు సరిపడనిదానిని సరిపడదనియే వ్రాసెను. నాటకశాలకు అరబ్బీలో తగిన మాట దొరకక 'తియాతర్', 'స్పెక్టాకిల్' అను శబ్దములనే అరబ్బీలిపిలో వ్రాసికొనెను. తెలుగున శాస్త్రగ్రంథములు వ్రాయబూనినవారికి ఈ యవస్థ చక్కగా దెలియును. ఆ యాత్రాగ్రంథము 1834లో బూలాఖున అచ్చైనది.

ఇంతకంటె నాశ్చర్యకరమైనది వైద్యవిద్యాలయ వృత్తాంతము. 1827లో ఆంటొయిన్ క్లో అను ఫ్రెంచి వైద్యుడు అబూ జాబలున దానిని స్థాపించెను. గురువునకు అరబ్బీ రాదు. అల్ అజహరునుండి వచ్చిన శిష్యులకు ఫ్రెంచి రాదు. గురువు చెప్పిన పాఠమును దుబాసీ అరబ్బీలోనికి మార్చును. ఈ దుబాసీలలో సిరియాదేశపు క్రైస్తవులుండిరి. వారి యనువాదములందలి భాషను అల్ అజహరు పండితులు దిద్దుదురు. ప్రాచీన అరబ్బు వైద్యగ్రంథములను వెదకి, మూలబడిన పరిభాషను మరల వెలికిదీయుదురు. ఈ శోధకులలో నొకడు దార్‌ఫూరు దేశమును జూచివచ్చిన మహమ్మద్ అల్ తూనిసీ. అనగా ఒక్క పాఠ్యపుస్తకము వెలువడుటకు ఫ్రెంచివాడును, క్రైస్తవ దుబాసీయు, మహమ్మదీయ పండితుడును ఒక బల్లచుట్టు కూర్చుండవలెను! శవచ్ఛేదనము మతవిరుద్ధమని కలకలము పుట్టినది. పాఠము నడుమ నొక శిష్యుడు క్లోపై బాకుతో దుమికినాడు. ఆయన ప్రాణముతో బయటపడి బోధన సాగించెను. 1832లో పన్నిద్దఱు శిష్యులను వెంటబెట్టుకొని పారిసునకు వెళ్లి, అచటి పండితులయెదుట పరీక్ష యిప్పించెను.

ఆ 1832లోనే స్త్రీలకు వైద్యము, మంత్రసానితనము నేర్పు పాఠశాల యేర్పడినది. గౌరవ కుటుంబములవారు తమ బిడ్డలను బంపలేదు. అందుచేత ప్రభుత్వము బానిసల యంగడిలో అబిసీనియా, సూడాను బాలికలను పదిమందిని కొని చేర్చినది. వారు చదువ వ్రాయ నేర్చిరి, మశూచికమునకు టీకాలు వేసిరి, కాన్పులు చేసిరి. వారికి సైనికవైద్యులతో వివాహములు జరిపించిరి. ఆ బాలికల యిష్టము నడిగినవారెవరు? దేశమున ప్రభుత్వవిద్య నేర్చిన తొలి స్త్రీలు క్రయద్రవ్యముగా బడికి వచ్చిరన్న సంగతిని, ఆ రాజు విద్యాభిమానమును గొనియాడు మన బోంట్లు మరువరాదు. అయినను ఎందఱో శిశువులు ఆ చేతులమీదుగనే పుట్టిరి.

యంత్రశాలల కథ వేఱు. నూలుమిల్లులు, నేతశాలలు పెక్కులు లేచినవి. నిర్బంధముగా బట్టి తెచ్చిన పల్లెవారు వానిలో బనిచేసిరి. 1841లో సుల్తాను ఫర్మానాచే సేన 18,000కు పరిమితము కాగా, కొనువాడు లేక అవి క్షీణించినవి.

అనువాదకులను తయారుచేయుటకై 1835లో నెలకొల్పిన భాషాపాఠశాలకు తహ్తావీ యధ్యక్షుడయ్యెను. 1848లో అధికారమునకు వచ్చిన అబ్బాసు దానిని మూయించి, 1850లో ఆయనను ఖార్టూములో ప్రాథమికపాఠశాల నడుపుమని పంపించెను. పేరు ఉద్యోగము, నిజము ప్రవాసము. ఆ మండుటెండలలో నాయన ఊరకుండక, దుష్ట ప్రభువులను మందలించు ఫెనెలాను 'తెలెమాక్' గ్రంథమును అరబ్బీలోనికి మార్చెను. అబ్బాసు గతించిన పిమ్మట 1854లో కైరోకు మరలివచ్చెను. బాలురకువలెనే బాలికలకును చదువు చెప్పవలెనని వాదించు గ్రంథమును 1872లో ప్రకటించి, మఱుచటి యేట గాలధర్మము నొందెను.

1882లో ఆంగ్లేయసేన దేశము నాక్రమించినది. తరువాత వైద్యవిద్యాలయమున బోధనాభాష ఆంగ్లమైనది. అంతవఱకు అందు శరీరశాస్త్రమును అరబ్బీలోనే చెప్పుచుండిరి.