మాటను తూచు విద్య

1918వ సంవత్సరము జూన్ నెలలో, అమెరికాలోని ఒహాయో రాష్ట్రమందు, సోషలిస్టు నాయకుడు యూజీన్ డెబ్స్ యుద్ధమునకు వ్యతిరేకముగ నొక ప్రసంగము చేసెను. ఆ సభకు క్లీవ్‌లాండు పత్రికా విలేఖరిగ వెళ్లినవాడు క్లైడ్ మిల్లరు. అటుపిమ్మట న్యాయస్థానమున డెబ్సుకు వ్యతిరేకముగ సాక్ష్యము చెప్పినవారిలో నాతడొకడు. డెబ్సుకు పదేండ్ల శిక్ష పడినది. ఒక్క ప్రసంగమునకు పదేండ్లు!

పందొమ్మిదేండ్లు గడచినవి. జర్మనీలో పత్రిక, సినిమా, రేడియో మూడును ప్రభుత్వము చేతిలో నొకే గొంతుకయైన కాలమది. అప్పటికి కొలంబియా విశ్వవిద్యాలయపు ఉపాధ్యాయ కళాశాలలో నున్న ఆ మిల్లరే, బోస్టను వర్తకుడు ఎడ్వర్డ్ ఫైలీన్ ధనసహాయముతో, 1937లో న్యూయార్కునందు ప్రచార విశ్లేషణ సంస్థను నెలకొల్పెను. విద్యార్థులకును, పౌరులకును, విన్నమాటను పరీక్షించుట నేర్పుటయే దాని పని.

ఆ సంవత్సరము నవంబరు సంచికలో సంస్థ ప్రచారకుల యుక్తులు ఏడింటిని పేర్కొనెను. ఎదుటివానికి చెడ్డపేరు తగిలించుట, అర్థము తేలని మెరుగుమాటలు చల్లుట, పూజ్యమైనదాని గౌరవమును తన పక్షమునకు అంటగట్టుట, పేరున్నవారిచే చెప్పించుట, 'నేనును మీవంటి సామాన్యుడనే' యనుట, తనకు అనుకూలమైన సంగతులనే పేర్చి చూపుట, అందరును ఇటే వచ్చుచున్నారు, మీరును రండనుట. మన ఎన్నికల సభలకు వెళ్లిన శ్రోతలకు వీనిలో నేదియు క్రొత్తగ తోచదు.

రేడియోవారికి మిక్కిలి ఆసక్తి కలిగించునది 1939 నాటి గ్రంథము. మిషిగన్ రాష్ట్రపు క్రైస్తవ మతాచార్యుడు చార్లెస్ కాఫ్లిన్ ఆ దినములలో రేడియోలో యూదులపై విషము గ్రక్కుచుండెను, లక్షలమంది వినుచుండిరి. ఆల్ఫ్రెడ్ లీ, ఎలిజబెత్ లీ దంపతులు సంస్థ పక్షమున ఆయన ప్రసంగపాఠములను తీసికొని, ఏ మాటయొద్ద ఏ యుక్తి యున్నదో చిన్న చిన్న గుర్తులు పెట్టి అచ్చు వేసిరి. చెవిలో ప్రవాహమువలె సాగిపోవు వాక్యము కాగితముమీద నట్లు నిలిచినప్పుడు, దాని కండ్లలోనికి చూడ వీలగును. అంతకుముందు వట్టి గొంతుకకే లొంగినవారు కూడ ఆగి చదువుకొనవచ్చును.

ఆక్షేపణలు లేకపోలేదు. ఈ చదువు పిల్లలను దేనిని నమ్మనివారినిగ చేయునని కొందరనిరి. అంతకంటె బలమైన ఆక్షేపణ వేరొకటి యున్నదని నా అభిప్రాయము. యుక్తిని పట్టుకొనుట వేరు, అబద్ధమును పట్టుకొనుట వేరు. తాను సామాన్యుడనని చెప్పువాడు నిజముగనే సామాన్యుడు కావచ్చును. మెరుగుమాట వెనుక నిజముండవచ్చును. దానిని తేల్చుకొనుటకు సంగతులు వెదకవలెను గాని, ఏడుపేర్ల పట్టిక చాలదు.

1941 డిసెంబరులో అమెరికా యుద్ధమున దిగెను. పరుల ప్రచారమును తూచిన త్రాసులోనే స్వదేశ ప్రభుత్వపు మాటను కూడ తూచవలసిన దినము వచ్చినది. అట్టి నిష్పక్షపాత విశ్లేషణ యుద్ధప్రయత్నమునకు భంగకరమని యెంచబడు కాలమది. 1942 ఆరంభమున సంస్థ తన పనిని నిలిపివేసెను. ఏడు యుక్తుల పేర్లు మాత్రము అమెరికా పాఠ్యపుస్తకములలో నేటికిని కనబడుచున్నవి.